మేస్త్రీ వేషం

ముసునూరుకి అవతల మామిడితోటల మధ్య ఒక చిన్న ఊళ్ళో మిషన్ వాళ్ళ బడి ఉండేది. అందులో నాకు మొదటి ఉద్యోగం. స్వరాజ్యం వచ్చిన కొత్త. నాకప్పటికి ఇరవై దాటి ఎంతో కాలేదు. పిల్లలకి దేశం సంగతులు చెప్పేముందు వాళ్ళ ఊరి సంగతులు వాళ్ళ చేతే చెప్పించాలని ట్రైనింగులో మాకు నూరిపోశారు. అందుకని ఒకరోజు మూడో తరగతి పిల్లలకి కిటికీలోంచి కొండని చూపించి, "ఆ గుంట ఎట్లా వచ్చిందర్రా?" అని అడిగాను.

కొండకి ఆ పక్క నిలువునా గోడలా కోసేసి ఉండేది. దాని కింద పెద్ద గుంట, ఒక మూల పచ్చగా నీళ్ళు. అది నల్లరాతి క్వారీ. యుద్ధం రోజుల్లో అక్కడ తెల్లారిందగ్గర్నించీ సుత్తుల మోతేనట. కంకర బండ్లకెత్తి హనుమాన్ జంక్షన్ దాకా రోడ్లకి తోలేవాళ్ళు, కొంత రైలుకట్టకి పోయేది. యుద్ధం ఆగింది. కంట్రాక్టరు సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. రాళ్ళు కొట్టినవాళ్ళు మాత్రం ఊరి చివర గుడిసెల్లో ఉండిపోయి తోటల్లోకీ వరిచేలల్లోకీ కూలికి పోతున్నారు.

నా ప్రశ్నకి పిల్లలందరూ చేతులెత్తారు. నాకు భలే సంతోషమేసింది.

"జపాను వాడు బాంబేశాడండీ!"

"కాదండీ, రాక్షసుడు ఆకలేసి కొరికాడండీ!"

"భూమి కుంగిందండీ. మా బాబాయి చూశాడండీ!"

చూసిన బాబాయి దొరికేసరికి తరగతి రెండు పార్టీలయింది. బాంబు పార్టీ, బాబాయి పార్టీ. నేను బల్ల మీద కొడుతున్నా వినిపించుకోవడం లేదు. అప్పుడు వరండాలోంచి ఒక గొంతు పిడుగు పడ్డట్టు వచ్చింది.

"నోరు ముయ్యండెహె!"

నేను కూడా మూశాను.

గుమ్మంలో ఒక పొడుగాటి ముసలావిడ నిలబడి ఉంది. మనవరాలికి అన్నం గిన్నె తెచ్చి, బయట కూచుని వింటోంది. క్వారీలో కంకర తట్టలు మోసే ఆడవాళ్ళ ముఠాకి ఆవిడే పెద్ద. ఊరంతా పెద్దమ్మ అనేవాళ్ళు.

"జపాను వాడంట! రాక్షసుడంట! ఆ గుంట మేం తవ్వామండీ పంతులమ్మగారూ. నేనూ, మా ఆయనా, వీళ్ళ తాతలూ అమ్మమ్మలూ. మీ పుస్తకంలో రాసి లేదా?"

"లేదు పెద్దమ్మా."

"మరేం రాశారు అందులో?"

మూడో తరగతి వాచకంలో అప్పుడు నడుస్తున్న పాఠం నెమలి. ఆ మాట చెప్పాను. పెద్దమ్మ నన్నొకసారి, పుస్తకాన్నొకసారి చూసి, "నెమలి ఏం మోసింది?" అంది.

సాయంత్రం మా పాస్టరుగారి ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెప్పాను. బడికి మేనేజరు కూడా ఆయనే. మెత్తని మనిషి. ఎండలో బయటికొస్తే తలమీద ఒక ఖాకీ టోపీ ఉండాల్సిందే. వెనకటి మిషనరీ దొర ఇచ్చి వెళ్ళిన టోపీ అది. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

"వాచకంలో మనం రాయలేం కదమ్మా," అన్నారాయన. "వార్షికోత్సవం వస్తోందిగా. ఒక నాటిక వేయించు. క్వారీలో పని ఎట్లా జరిగేదో వాళ్ళే చేసి చూపిస్తారు. పిల్లలు చూసిందైతే మర్చిపోరు."

నాటకమంటే దీపాలు కావాలి. కిరసనాయిలు చూస్తే కంట్రోలు, కార్డు మీద కొలిచి ఇచ్చేవాళ్ళు. అందుకని సాయంత్రం ఎండ వాలే వేళకి వేసేటట్టూ, క్వారీ అడుగునే వేసేటట్టూ అనుకున్నాం. రాయి కొట్టిన చోట మెట్లుమెట్లుగా ఉండేది. జనం కూచోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

మర్నాడు గుడిసెల దగ్గరికి వెళ్ళి అందర్నీ కూచోబెట్టి విషయం చెప్పాను. బ్రహ్మాండం అన్నారు. "సరే, రాళ్ళు కొట్టేవాళ్ళుగా ఎవరు వేస్తారు?" అని అడిగాను. ఒక్క చెయ్యి లేవలేదు.

"మేస్త్రీగా ఎవరు?"

అన్ని చేతులూ లేచాయి. చంటిపిల్లకి పాలిస్తున్న ఒకావిడ కూడా ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తింది.

"అదేంటండీ, అందరూ మేస్త్రీలైతే పని చేసేదెవరు?"

"ఇన్నేళ్ళు కొట్టాం కదండీ," అన్నాడు బండి తోలే ఒకాయన. అతని తండ్రి క్వారీలో పనిచేసి పోయాడు, తను కంకర బండి తోలేవాడు. "మళ్ళీ నాటకంలోనూ మాచేతే కొట్టిస్తారా? మేస్త్రీ వేషమైతే కుర్చీలో కూచోవచ్చు. తిట్టొచ్చు."

వాళ్ళలో ఒక తాత ఉండేవాడు. రాతికి బెజ్జం వేసి, మందు కూరి పేల్చే పని ఆయనది. ఆ చప్పుళ్ళకి చెవులు సగం పోయాయి. ఆయన ఇదంతా ఏమర్థం చేసుకున్నాడో, "మందు నేను తెస్తా! కొంచెం దాచా!" అని లేచి నిలబడ్డాడు. ఆయన్ని కూచోబెట్టడానికి చాలాసేపు పట్టింది. డబ్బా మీద కర్రతో కొడితే అదే పేలుడనుకోవాలి అని చెప్తే, "డబ్బా పేలుద్దేంటి!" అని అలిగాడు.

వేషాల గొడవ పెద్దమ్మే తెంచింది. "మేస్త్రీ వేషం నాది," అంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. నేనే కాస్త నసిగాను, మేస్త్రీ మగాడు కదా అని.

"తలపాగా చుడితే సరి. మీసం బొగ్గుతో గీయండి."

అందరూ అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో నాకప్పుడు అర్థం కాలేదు. వెళ్ళబోతుంటే పెద్దమ్మే నన్ను తోటగట్టు దాకా సాగనంపుతూ చెప్పింది.

క్వారీలో ఒక పద్ధతుండేదట. మందు అంటించేముందు మేస్త్రీ ఈల ఊది, ఎర్రగుడ్డ ఊపాలి. ఈల వినగానే అందరూ సుత్తులు వదిలేసి తోటలోకి పరుగెత్తాలి. ఒకరోజు కంట్రాక్టరు తాలూకు తెల్లదొర తనిఖీకి వస్తున్నాడని కబురొస్తే, మేస్త్రీ ఎదురెళ్ళడానికి రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఈల మెళ్ళోనే ఉండిపోయింది. చెవులు వినపడని తాత, ఈల ఊదేసే ఉంటాడనుకుని అలవాటు ప్రకారం నిప్పంటించాడు. మిగతావాళ్ళు పొగ చూసి పారిపోయారు. పెద్దమ్మ భర్త రాతిగోడకి అటుపక్క ఉన్నాడు. ఆయనకి పొగ కనపడలేదు.

"ఆ మేస్త్రీతో అప్పట్నించీ మాట లేదు," అంది పెద్దమ్మ. "ఊళ్ళోనే ఉంటాడు. ఎదురొస్తే నేను పక్కకి చూస్తా, ఆయన కిందకి చూస్తాడు."

"నాటకంలో ఆ ముక్క వద్దులే పెద్దమ్మా. పిల్లల పండగ కదా."

"వద్దంటే ఎట్టాగండీ? అది లేకపోతే అది మా క్వారీ కాదు, ఇంకెవరిదో."

దాంతో నాకు భయం పట్టుకుంది. ఆవిడ మేస్త్రీ వేషం అడిగింది ఆయన్ని నలుగుర్లో నిలబెట్టి కడిగెయ్యడానికేనని ఊరంతా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. అయినా న్యాయం కదా, మేస్త్రీకి ముందుగా ఒక మాట చెప్పాలని ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను.

ఆయన ఒక చిన్నరసాల మామిడితోటలో కాపలా ఉంటున్నాడు. తోట ఇంకా కనపడకముందే గొంతు వినపడింది.

"ఏయ్! పని దొంగా! దిగు! దిగుతావా లేదా! నీ బాబు తోటనుకున్నావా!"

ఎవర్ని తిడుతున్నాడా అని వెళ్ళి చూస్తే, చెట్టు మీద కోతులు. పిందెలు కొరికి కింద పడేస్తున్నాయి. మేస్త్రీ మంచె మీద నిలబడి, క్వారీలో కూలీలని ఎట్లా అదిలించేవాడో అట్లాగే వాటిని అదిలిస్తున్నాడు. కూలీలకున్న భయం కోతులకి లేదు. అందులో ఒకటి ఆయన కేసి చూస్తూ నిదానంగా ఇంకో పిందె కోసుకుంది.

కిందికి దిగి, భుజం మీద కండువా సర్దుకుని, "చెప్పండమ్మగారూ," అన్నాడు. పళ్ళన్నీ ఊడిపోయాయి. చూస్తే జాలేసింది. నాటకం సంగతి చెప్పాను.

"నాకేం వేషం?" అన్నాడు వెంటనే.

నేను వేషం ఇవ్వడానికి వెళ్ళలేదు. ఏం చెప్పాలో తోచక, "తట్టలు మోసే కూలీ ఒకటే మిగిలిందండీ," అన్నాను.

"మేస్త్రీ వేషం ఎవరిది?"

"పెద్దమ్మది."

ఆయన ఒక మట్టిబెడ్డ తీసి కోతుల మీదికి విసిరాడు. తర్వాత, "అయితే వస్తానండీ," అన్నాడు.

"ఆలోచించుకోండి. అందరి ముందూ మిమ్మల్ని..."

"ఆవిడ నాతో మాటాడి ఏళ్ళయిందండీ. మేస్త్రీ వేషం కట్టాక, కూలోణ్ణి తిట్టక తప్పదుగా?"

తట్ట తెచ్చుకోమని చెప్పి వచ్చేశాను.

రిహార్సళ్ళు బడి ఆవరణలో పెట్టాం. మొదటిరోజు మేస్త్రీ తట్ట చంకన పెట్టుకుని వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు. పాత అలవాటు. పెద్దమ్మ ఒక్కతే కుర్చీలోంచి లేవలేదు. ఆయన వంక చూడకుండానే నాటకం మొదలుపెట్టింది.

"ఏరా, ఇప్పుడా రావడం? నీ పెళ్ళికా వచ్చావు?"

"తప్పైపోయింది మేస్త్రీగారూ," అన్నాడు మేస్త్రీ.

అంతే, ఇంక ఆపేవాళ్ళు లేరు. ఏళ్ళ తరబడి దాచుకున్నదంతా పెద్దమ్మ నోట్లోంచి వచ్చింది. తట్ట నిండలేదని ఒక తిట్టు, నిండుగా ఉంటే ఒలికిందని ఒకటి. దాహమంటే ఒకటి, నవ్వితే ఇంకోటి. ఆయన తట్ట నెత్తిన పెట్టుకుని ఆ మూలకీ ఈ మూలకీ తిరుగుతూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి ఆగి, చాలా మర్యాదగా, "అక్కడ ఇంకో తిట్టుండేదండీ, మర్చిపోయారు," అన్నాడు.

పెద్దమ్మ మొదటిసారి ఆయన కేసి తిన్నగా చూసింది. "ఏది?"

"ఆ సోమరిపోతు సంగతి."

"ఆ, అవును," అని ఆ తిట్టు కూడా తిట్టింది.

బండాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటున్నాడు. మందు తాత మాత్రం ఏం జరుగుతోందో తెలియక, "వీళ్ళు రాజీ పడ్డారా?" అని నన్ను గట్టిగా అడిగాడు. ఆయన గుసగుసలు వీధి చివరిదాకా వినపడేవి.

ఇక దొర వేషం. దొరకి టోపీ కావాలి. ఊరికంతా ఉన్నది ఒక్కటే టోపీ. పాస్టరుగారిని అడిగితే రెండురోజులు ప్రార్థన చేసుకుని చెప్తానన్నారు. చివరికి, టోపీ ఎక్కడికెళ్తే తనూ అక్కడికే వెళ్తానని తేల్చారు. అంటే దొర వేషం ఆయనే వేశారన్నమాట. దొర ఇంగ్లీషులో కోప్పడాలి. పాస్టరుగారికి ఇంగ్లీషు బైబిలు వచ్చుగానీ కోపం రాదు. అందుకని ఒక కీర్తన తీసుకుని, కళ్ళెర్ర చేసి, కర్ర నేలకేసి కొడుతూ చదవడం అభ్యాసం చేశారు. దేవుడు నా కాపరి అనే కీర్తన అంత భయంకరంగా నేనెప్పుడూ వినలేదు.

పెద్దమ్మ భర్త వేషం బండాయనకిచ్చాం. అయితే ప్రమాదం ముక్క దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ ఒప్పుకునేది కాదు. "అది ఇక్కడ వద్దు. ఆ రోజు చేస్తా," అని లేచిపోయేది. మేస్త్రీ కూడా తట్ట దించి తోటకి వెళ్ళిపోయేవాడు.

వార్షికోత్సవం నాటికి తోటలన్నీ పిందె మీదున్నాయి. బాపులపాడు నించి కూడా బళ్ళు కట్టుకుని చుట్టాలొచ్చారు. క్వారీ మెట్ల మీద జనం కిక్కిరిసిపోయారు. పెద్దమ్మ తలపాగా చుట్టుకుని, బొగ్గు మీసంతో కుర్చీలో కూచోగానే ఈలలు, చప్పట్లు. పని మొదలయింది. సుత్తుల మోత ఆ గోడలకి తగిలి మళ్ళీ వినపడుతుంటే, మెట్ల మీద కూచున్న ఆడవాళ్ళు కొందరు తెలియకుండానే చేతులు కదుపుతున్నారు. పిల్లలు మాత్రం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. బాబాయి పార్టీ బాబాయి కూడా వచ్చాడు. ఎవరికీ కనపడకుండా వెనక కూచున్నాడు.

తర్వాత బండాయన కొడుకు పరుగెత్తుకొచ్చి కబురు చెప్పాడు. "మేస్త్రీగారూ, దొరగారు రోడ్డు మీదికొచ్చేశారు!"

ఆ మాటతో జనం అంతా ఒక్కసారి సద్దుమణిగారు. ఆ రోజు సంగతి తెలియనివాళ్ళు అక్కడ తక్కువ. పెద్దమ్మ లేచింది. రోడ్డు వైపు ఒకడుగు వేసింది. నేను మేస్త్రీ ముఖం చూశాను. తట్ట నెత్తిన అట్లాగే ఉంది, కళ్ళు మూసుకున్నాడు.

పెద్దమ్మ ఆగింది.

"దొరని ఆగమను," అంది.

తర్వాత మెళ్ళోని ఈల తీసి ఊదింది. ఊపిరంతా పెట్టి ఊదింది. ఎర్రగుడ్డ విప్పి, ఆ చివరనించి ఈ చివరకి నడుస్తూ ఊపింది. గోడకి అటుపక్కకి కూడా వెళ్ళి ఊపింది. నేను రాసిన నాటికలో ఇది లేదు.

ఈల వినగానే మేస్త్రీ తట్ట అవతల పారేసి, నిజంగానే పరుగెత్తాడు. జనం మీదనించి దూకి తోట దాకా వెళ్ళిపోయాడు. ఆయన వెనకాల మిగతా కూలీలు కూడా. మందు తాత డబ్బా మీద కర్రతో ఒక్కటి వేశాడు. చప్పుడు బాగానే వచ్చింది.

బండాయన ఒక్కడే గోడ పక్కన మిగిలాడు. చచ్చిపోవాల్సిన వేషం అతనిది. ఎక్కడ పడాలో చోటు కూడా చూసిపెట్టుకున్నాడు, కింద గోనెసంచి పరుచుకున్నాడు. ఇప్పుడు ఏం చెయ్యాలో తోచక, సగం వంగి, అందరికీ వినపడేలా అడిగాడు.

"పెద్దమ్మా, నేను పోవాలా, ఉండాలా?"

"ఉండరా," అంది పెద్దమ్మ. "ఉండు."

ముందు ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. అప్పుడు దొర వచ్చాడు. తనని రోడ్డు మీద ఆపేసినందుకు కర్ర నేలకేసి కొట్టి కీర్తన మొత్తం చదివాడు. పెద్దమ్మ ఆయనకి సలాం కూడా పెట్టలేదు.

జనం వెళ్ళిపోతుంటే మేస్త్రీ తోటలోంచి తిరిగొచ్చాడు. మోకాలు దోక్కుపోయింది. పెద్దమ్మ మెట్టు మీద కూచుని మీసం తుడుచుకుంటోంది. ఆయన కాస్త దూరంలో నిలబడ్డాడు.

"అట్టా ఊదాల్సిందమ్మా," అన్నాడు.

"అవును," అంది పెద్దమ్మ. "అట్టా ఊదాల్సింది." మీసం తుడిచిన గుడ్డ దులిపి, "ఆ మోకాలికి పసుపు పెట్టు," అంది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. సోమవారం బడికెళ్ళి, మూడో తరగతి పిల్లల్ని క్వారీ గురించి చెప్పమన్నాను. జపాను వాడు పోయాడు, రాక్షసుడు పోయాడు. అందరూ సుత్తులు, తట్టలు, మందు చక్కగా చెప్పారు. చివర్లో ఒక పిల్ల లేచి, "మేస్త్రీ ఈల ఊదాడు కాబట్టి ఎవరూ చచ్చిపోలేదండీ," అంది. అది పెద్దమ్మ మనవరాలే.

నేను పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాను. "ఇప్పుడెట్లా పెద్దమ్మా? నీ మనవరాలే తాత పోలేదంటోంది."

ఆవిడ పొయ్యి ముందు కూచుని చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "అమ్మో, అది తప్పే," అంది. మర్నాడు బడికొచ్చి, పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూచుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏడవలేదు. తాతకి బెల్లం అంటే ఇష్టమనీ, గోడకి అటుపక్క పని అంటే నీడ ఉంటుందని రోజూ అక్కడికే వెళ్ళేవాడనీ చెప్పింది. "మరి నాటకంలో ఎందుకు ఈల ఊదావు?" అని మనవరాలు అడిగితే, "ఒక్కసారి ఊదాలనిపించింది," అంది.

మరుసటేడు నాటకం అనగానే మేస్త్రీ తనే బడికి నడిచొచ్చాడు. "ఈసారి నా వేషం నాకివ్వండమ్మగారూ," అన్నాడు. "జరిగినట్టే చేస్తా."

పెద్దమ్మని అడిగాను. ఆవిడ ఒప్పుకుంది. ఆ ఏడు మేస్త్రీ ఈల మెళ్ళో వేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. బండాయన తన గోనెసంచి మీద పడ్డాడు. ఆ సాయంత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాటకమయ్యాక మేస్త్రీ కదల్లేక అక్కడే కూచుండిపోతే, పెద్దమ్మే వెళ్ళి మంచినీళ్ళ చెంబు చేతికిచ్చింది. పక్కనే కూచుంది కూడా.

అప్పట్నించీ ఒక ఏడు జరిగినట్టూ, ఒక ఏడు జరగాల్సినట్టూ వేసుకునేటట్టు వాళ్ళలో వాళ్ళే ఒప్పందం చేసుకున్నారు. ఏ ఏడు ఏదో పిల్లలకి ముందే చెప్పేవాళ్ళు, మళ్ళీ గందరగోళం రాకుండా.

తర్వాత నాకు పెళ్ళయి, వేరే ఊరి బడికి బదిలీ చేయించుకున్నాను. చాలాకాలానికి ఆ ఊరి పిల్లొకతె, అప్పటికి పెద్దదై తనూ పంతులమ్మ అయింది, ఏదో మీటింగులో కనపడింది. పెద్దమ్మ, మేస్త్రీ ఇద్దరూ పోయారనీ, నాటకం మాత్రం ఇంకా వేస్తున్నారనీ చెప్పింది. ఇప్పుడు అందులో ఒక ఏనుగు కూడా ఉందట. ఇద్దరు కుర్రాళ్ళు గోనె కప్పుకుని వచ్చి రాళ్ళు మోస్తారట.

"మన క్వారీలో ఏనుగెప్పుడుందే?" అన్నాను.

"లేదాండీ?" అంది ఆ పిల్ల ఆశ్చర్యంగా. "మరి అన్ని రాళ్ళు మనుషులే మోశారా?"

"మనుషులే మోశారు. ఎక్కువ ఆడవాళ్ళే," అన్నాను.

ఆ పిల్ల వెంటనే, "అయితే ఏనుగుని తీసేయించాలండీ," అంది. మళ్ళీ తనే, "కానీ చిన్నపిల్లలు గోల చేస్తారండీ," అంది. మేమిద్దరం మీటింగు సంగతి మర్చిపోయి, ఏనుగుని ఉంచాలా తియ్యాలా అని బస్సు వచ్చేదాకా మాట్లాడుకున్నాం.